వృథా లేని ఇల్లు

వైశాఖం ఎండకి పాయకరావుపేట వీధుల్లో కుక్కలు కూడా నీడ వెతుక్కుని పడుకున్న వేళ, నూకరత్నం, తనకి కరెంటు పని నేర్పిన దేముళ్ళు మేస్త్రి గారింటి తలుపు తోసి లోపల అడుగు పెట్టింది. పెట్టిన అడుగు గడప దగ్గరే ఆగిపోయింది. నూతిలోకి దిగినట్టుంది. మెడ మీది చెమట ఒక్కసారిగా చల్లబడి వెన్ను మీదుగా జారింది.

హాల్లో నేల మీద చాప పరుచుకుని సన్యాసమ్మ కూర్చుని ఉంది. ఒంటికి ఉన్ని స్వెట్టరు, దాని మీద దుప్పటి, తల చుట్టూ తువ్వాలు.

“ఏటత్తా ఈ వేషం? అరకు ఎళ్తన్నావేటి?” అంది రత్నం, నవ్వు తెచ్చుకుని.

“అరకే మా ఇంటికొచ్చీసినాదే. ముందు తలుపెయ్యి. ఎండ లోపలికొస్తే మీ మేస్త్రికి కోపం.”

మేస్త్రి పోయి అప్పటికి ఏడు నెలలు.

రత్నం తలుపు వేసి ఆమె పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుంటే చేప ముట్టుకున్నట్టుంది. పక్కింటివాళ్ళు ఫోన్ చేసి చెప్పింది నిజమేనన్నమాట. వారం కిందట సన్యాసమ్మ పెరట్లో తూలి పడిపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. కాంపౌండరు థర్మామీటరు రెండు సార్లు విదిలించి పెట్టినా పాదరసం పైకి లేవలేదట. అక్కడి బెంచీ మీద ఒక గంట కూర్చునేసరికి మనిషి మామూలైపోయింది. ఇంటికి తెచ్చిన మర్నాటికి మళ్ళీ అదే చలి. ఇంకొక్కసారి ఒళ్ళు ఇలా చల్లబడితే గుండె ఆగిపోతుంది, ఆమెను ఆ ఇంట్లో ఉంచొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇల్లు వదిలి రానని ఈమె అంతకంటే గట్టిగా చెప్పింది.

“మా ఇంటికొచ్చీ అత్తా. నాలుగు రోజులుండు.”

“మరి మీ మేస్త్రికి?”

అంటూ సన్యాసమ్మ కిటికీ కింద గోడకి ఆనించి కట్టిన సిమెంటు అరుగు వైపు చూపించింది. మేస్త్రి రోజూ భోంచేసి నడుం వాల్చే చోటు అది. కార్తీకంలో ఒకరోజు అక్కడే కూర్చుని, మంచినీళ్ళ చెంబు పట్టుకుని, అలాగే పోయాడు.

“చెయ్యి పెట్టి చూడు,” అంది ముసలామె.

రత్నం లేచి వెళ్ళి, మేస్త్రి నేర్పిన పద్ధతిలో కుడి చెయ్యి తిప్పి, వేళ్ళ వెనక భాగంతో అరుగుని తాకింది. వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో కూర్చుని లేచినట్టు వెచ్చగా. చెయ్యి కొంచెం పక్కకి జరిపితే సిమెంటు మంచుముక్క. వెనక్కి తెస్తే వెచ్చన. ఆ వెచ్చదనానికి అంచులున్నాయి. రెండు తొడలంత వెడల్పు. గోడ మీద వీపంత ఎత్తు.

రత్నం చెయ్యి తీసేసుకుంది.

*

చేతిని తిప్పి తాకడం దేముళ్ళు మేస్త్రి దగ్గర చేరిన ఎవరికైనా మొదటి పాఠం. అరచేత్తో తాకితే, కరెంటున్న తీగని చెయ్యి పట్టేసుకుంటుంది, వదలదు. వెనక చేత్తో తాకితే విదిలించుకుని ప్రాణంతో బయటపడతావు. రెండో పాఠం, పని చేసే లైనుకి ఫ్యూజు పీకి ఆ పింగాణీ ముక్కని జేబులో వేసుకోవడం. “ఫ్యూజు ఎవుడి జేబులో ఉంటే ఆడి పేణం ఆడి దగ్గరున్నట్టు,” అనేవాడు.

మూడోది మేస్త్రి సొంత విద్య. ఎవరైనా వచ్చి మా మీటరు గిర్రున తిరిగిపోతోంది అంటే, ఆయన పనిముట్ల సంచీ అరుగు మీద పెట్టి, ముందు ఇల్లంతా ఒక చుట్టు చుట్టేవాడు. ప్రతి స్విచ్చి బోర్డు మీదా, ప్లగ్గు మీదా, ఫ్రిజ్జు వెనకా, మోటారు మీదా వెనక చెయ్యి ఆనించి ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాడు. తల్లి పిల్లాడి నుదురు చూసినట్టు.

“ఒంట్లో బాగోని చోట ఒళ్ళు ఎచ్చబడతాదే రత్నా. ఇల్లూ అంతే. ఎచ్చగున్న చోట కరెంటు ఊరికే పోతన్నట్టు.”

అలా చెయ్యి పెట్టే వదులైన జాయింట్లు పట్టేవాడు. గోడకి అంటించిన ఫ్రిజ్జుని జానెడు ఇవతలికి జరిపించేవాడు. బుడ్డి బల్బులు పీకించి ఎల్‌ఇడి వేయించేవాడు. డాబా మీద తెల్ల సున్నం కొట్టించేవాడు. నెల తిరిగేసరికి మీటరు సగం తగ్గేది.

ఐటిఐ చదివినా ఆడపిల్లకి పనెవరిస్తారని అందరూ అన్న రోజుల్లో రత్నం చేతికి టెస్టరు ఇచ్చినవాడు కూడా ఆయనే. పిల్లల్లేని ఆ ఇంట్లో మధ్యాహ్నం భోజనం రత్నానికీ ఉండేది. భార్యాభర్తల పోట్లాటలకి సాక్షి కూడా తనే. మనిషి లేని గదిలో లైటు వెలిగితే మేస్త్రి వీధి చివరికి వినబడేలా కేకలు వేసేవాడు. “దెయ్యాలకేటే ఎలుగు? మనిషి లేని కాడ ఎవుడి కోసం ఎలుగుతాంది?” సన్యాసమ్మ వంటింట్లోంచే జవాబిచ్చేది. “నీ కోసమే, నువ్వు దెయ్యమైనాక తడుంకోకుండా.”

కిందటేడు వేసవిలో విశాఖ నుంచి హైమవతి అనే శాస్త్రవేత్త ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఆమె ప్రయోగశాలలో ఒక తీగ తయారైంది. వెంట్రుకంత సన్నం, బూడిద రంగు. గోడల్లోనూ నేలలోనూ గాడి తీసి పరిస్తే, ఇంట్లో వృథాగా పోయే వేడిని పీల్చి కరెంటుగా మారుస్తుంది. పొయ్యి వేడి, ఫ్రిజ్జు వెనకటి వేడి, మనుషుల ఒంటి వేడి, ఏదైనా సరే. ఆ తీగలన్నీ వచ్చి ఒక పెట్టెలో కలుస్తాయి. పెట్టె ఇంట్లో ఎవరు ఏ వేళకి ఎక్కడ ఉంటారో నేర్చుకుంటుంది. వాళ్ళు రాకముందే ఫ్యాను వేసి, చలికాలమైతే కూర్చునే చోటు వెచ్చబెట్టి, వాళ్ళు లేవగానే ఆపేస్తుంది. మనుషులుండే ఇంట్లో దాన్ని పరీక్షించాలి. ఎలక్ట్రీషియన్ ఇల్లయితే మేలు.

మేస్త్రి మురిసిపోయాడు. రత్నం, ఆయనా కలిసి పదకొండు రోజులు గోడలు చెక్కి తీగ పరిచారు. నెల తిరిగేసరికి ఆ ఇంటి మీటరు మీద, కరెంటు వాడకాన్ని చూపే ఎర్ర దీపం గంటకొకసారి మిణుకుమనేది. అంతే.

ఆ ఒక్క మిణుకే మేస్త్రికి కంట్లో నలుసైంది. చలి రోజుల్లో ఇంటి వేడి చాలకపోతే పెట్టె లైను నుంచి కాస్త కరెంటు తీసుకునేలా హైమవతి ఒక తీగ పెట్టించింది. “ఈ నల్ల తీగ ఏటి, గోచీకి నాడాలాగ?” అన్నాడు మేస్త్రి. “నా ఇంట్లో మీటరు తిరగనే తిరక్కూడదు. లాగీ దాన్ని.” రత్నం పెట్టె ఫ్యూజు పీకి, ఆ తీగ తెంపి, మొనకి టేపు చుట్టి, మళ్ళీ ఫ్యూజు పెట్టింది. హైమవతికి చెప్పొద్దని ఇద్దరూ అనుకుని నవ్వుకున్నారు.

ఆ సాయంత్రం నుంచి ఎర్ర దీపం మిణుకుమనలేదు. మేస్త్రి కుర్చీ వేసుకుని మీటరు ముందు కూర్చుని, సినిమా చూసినట్టు చూశాడు.

*

రత్నం మర్నాడు పొద్దున్నే బస్సెక్కి విశాఖ వెళ్ళింది. సముద్రానికి ఎదురుగా కొండవాలున ఉంది ఆ ప్రయోగశాల. హైమవతి ఆమెను ఒక అద్దాల గదికి తీసుకెళ్ళింది. లోపల బల్ల, స్టూలు, గోడల నిండా బూడిద తీగ. పదకొండు గంటలకి ఇంకో రెండు నిమిషాలుంది.

“ఆ స్టూలు మీద చెయ్యి పెట్టండి,” అంది.

చల్లగా ఉంది. రత్నం చెయ్యి తియ్యలేదు. గోడ గడియారం పదకొండు దాటింది. చెక్క కింద ఏదో నిద్రలేచినట్టు వేళ్ళ వెనక మెల్లగా వెచ్చదనం పాకింది.

“ముత్యాలని మా అటెండరు. రోజూ పదకొండింటికి ఇక్కడ కూర్చుని టీ తాగేవాడు. బదిలీ అయి అయిదు నెలలైంది. మొదట తీగలో లోపం అనుకున్నాం. లోపం కాదు. పెట్టెకి మనిషి ఉన్నాడో లేడో తెలియదమ్మా, అలవాటు ఒక్కటే తెలుసు. మనిషి ఉన్నన్నాళ్ళూ ఆ చోటు దానికి వేడి ఇచ్చేది. మనిషి పోయాక ఆ లోటు తనే నింపుతోంది.”

“ఎక్కణ్ణుంచి తెచ్చి నింపుతోంది?”

“ఇక్కడైతే లైను నుంచి తీసుకుంటుంది. మీ మేస్త్రి గారింట్లో కూడా లైను ఉంది కదా?”

రత్నం తల వంచుకుంది. నల్ల తీగ సంగతి చెప్పింది.

“ఇంట్లో ఇంకేం వేడి ఉంది?” అని హైమవతి అడిగింది.

రత్నం మనసులోనే ఆ ఇల్లంతా ఒక చుట్టు చుట్టి వచ్చింది. డాబాకి తెల్ల సున్నం. పడమటి గోడకి తడిపిన వట్టివేళ్ళ తడికలు. బల్బులు వేడెక్కవు. జాయింట్లు వేడెక్కవు. ఫ్రిజ్జు అత్త తీసేయించింది, ఒక్కదానికి ఎందుకని. పొయ్యి పూటకొకసారి కూడా వెలగదు. వేడి అన్నది ఎక్కడా వృథా పోకుండా మేస్త్రీ తనూ ఎంతో శ్రద్ధగా చేసిన ఇల్లు అది. ఆ ఇంట్లో ఇంక వెచ్చగా ఉన్నది ఒక్కటే.

“సన్యాసమ్మత్త,” అంది.

“నల్ల తీగ వెంటనే కలపండి. దానికి ఫ్యూజు తియ్యాలి. కానీ ఫ్యూజు తీస్తే…” హైమవతి స్టూలు వైపు చూసింది. “నేర్చుకున్నది ఎక్కడా రాసి ఉండదు. తీగలో వేడి పారుతున్నంత సేపే ఉంటుంది. ఒక్కసారి ఆగితే అంతా మరిచిపోతుంది. ఆమెకి ముందే చెప్పండి. చెప్పకుండా తియ్యకండి.”

*

“చలి ఆయన వల్లేనని నాకు తెల్దేటే?” అంది సన్యాసమ్మ.

మధ్యాహ్నం మూడు దాటింది. రత్నం తెచ్చిన వేడి కాఫీ గ్లాసులో అప్పుడే చల్లారిపోయింది. రత్నం అన్నీ చెప్పేసింది. తీగ తెంపింది తనేనని కూడా చెప్పింది.

“నువ్వేటి సేత్తావు, ఆయన సెప్పితే సేసినావు. యాభై ఏళ్ళు ఒక దుప్పట్లో పడుకున్నానే రత్నా. తెల్లారేసరికి దుప్పటంతా ఆ పక్కకే లాగీసుకునీవోడు. నాను వణికీదాన్ని. ఇప్పుడూ అంతే. అలవాటే కదా.”

“అప్పుడు లేచి నాలుగు తిట్టి లాక్కునేదానివి కదా అత్తా. ఇప్పుడు లాక్కోలేవు. డాక్టరు చెప్పింది విన్నావా లేదా?”

“విన్నాను.”

“నువ్వు ఊ అంటే ఫ్యూజు పీకుతాను.”

“పీకితే అరుగు సల్లారిపోద్ది.”

“చల్లారిపోద్ది.”

“అయితే వద్దు.”

రత్నానికి ఏడుపొచ్చింది. పనిముట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బయట ఐసు బండివాడి గంట వినబడి దూరమైంది. అరుగు మీద ఎవరూ లేరు. దాని పైన ఫ్యాను మాత్రం మెల్లగా తిరుగుతోంది.

నాలుగైంది. ఫ్యాను ఆగింది.

“లేచినాడు,” అంది సన్యాసమ్మ, మామూలుగా. “ఇంక ఇల్లు సూస్తాడు.”

రత్నానికి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. బతికున్నన్నాళ్ళూ మేస్త్రి సాయంత్రం నాలుగింటికి లేచి, సొంత ఇంటిని కూడా ఒక చుట్టు చుట్టేవాడు. బోర్డు బోర్డుకీ వెనక చెయ్యి ఆనించి చూసేవాడు. రత్నం లేచి హాల్లో బోర్డు పక్కన గోడని తాకింది. ఛాతీ ఎత్తులో నాలుగు వేళ్ళంత మేర వెచ్చగా ఉంది. చూస్తుండగానే అది చల్లారిపోయింది. వంటింటి గుమ్మం పక్కకి వెళ్ళి తాకింది. అక్కడ తేలింది వెచ్చదనం. ఒక్క క్షణం ఉంది. పోయింది. ఆయన కళ్ళు మూసుకునేంత సేపు.

పెరటి తలుపు. పడగ్గది బోర్డు. రత్నం ఒక అడుగు వెనక, ఎప్పట్లాగే, ఆయన వెంట నడిచింది. ఎక్కడా ఆగలేదు ఆ చెయ్యి. ఆ ఇంట్లో తప్పు పట్టడానికి ఏముంది గనక.

తిరిగి హాల్లోకి వచ్చేసరికి సన్యాసమ్మ చాప మీద నుంచి గోడ దగ్గరికి జరిగి, వీపూ తలా గోడకి ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. ఎవరో వస్తారని ఎదురు చూస్తున్నట్టు.

“ఆఖర్న నా దగ్గిరికొస్తాడు,” అంది. “ఇక్కడ, తల ఎనకాల సెయ్యెడతాడు. జొరం సూసినట్టు.”

రత్నం వంగి, ఆమె తల పక్కన గోడని తాకింది. నాలుగు వేళ్ళ వెచ్చదనం. ఇది క్షణంలో పోలేదు. ఆగింది. ఇల్లంతా వెతికి వేడి ఉన్న చోటు దొరికినట్టు ఆగిపోయింది. తర్వాత ఆ వేడి గోడలోకి ఇంకడం మొదలైంది. దానితో పాటే సన్యాసమ్మ పెదవుల రంగు మారడం రత్నం కళ్ళారా చూసింది. ఎరుపు పోయి బూడిద, బూడిద పోయి నీలం.

“సెయ్యి తీసీటప్పుడే కొంచెం సలి…” అంటూ ముసలామె దుప్పటి దగ్గరికి లాక్కుంది. పళ్ళు టకటక కొట్టుకున్నాయి.

రత్నం ఆమెను భుజాలు పట్టుకుని గోడ నుంచి ఇవతలికి లాగి ఒళ్ళో పొదువుకుంది. ఎండలో పడి వచ్చిన తన ఒళ్ళు కూడా అప్పటికి చల్లబడి ఉందని అప్పుడే తెలిసింది.

“అత్తా, ఇటు చూడు. మేస్త్రి గారు వెచ్చగా ఉన్న చోట చెయ్యి ఎందుకు పెట్టేవారు?”

“ఎందుకేటి? అక్కడ కరెంటు ఊరికే పోతందని.”

“పట్టుకున్నాక ఏం చేసేవారు?”

సన్యాసమ్మ కళ్ళు మూసుకుంది.

“ఈ ఇంట్లో ఇప్పుడు ఊరికే పోతున్నది నీ ఒంటి వేడే అనుకుంటోందత్తా ఈ పెట్టె. ఆయన విద్య ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆయన మనసు నేర్చుకోలేదు.”

ముసలామె కళ్ళు తెరిచింది. అరుగు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. అక్కడ లేని మనిషి కోసం ఇంకాస్సేపట్లో మళ్ళీ ఫ్యాను తిరుగుతుంది, సిమెంటు వెచ్చబడుతుంది, రాత్రికి మంచంలో ఆ సగం వెచ్చబడుతుంది.

“మనిషి లేని గదిలో లైటెలిగితే నన్ను ఎన్నేసి తిట్టీవోడే,” అంది.

“వీధంతా వినేది.”

“మనిషి లేని కాడ ఏడు నెలల్నించి ఇంత ఏడి ఎలగబెడుతున్నాను. సూస్తే ఊరుకుంటాడేటి?” ఆమె గొంతులో నవ్వులాంటిదేదో కదిలింది. “నన్ను లేపు. నువ్వు పీకొద్దు. అది నా పని.”

రత్నం ఆమెను నడిపించుకుంటూ పెట్టె దగ్గరికి తీసుకెళ్ళింది. సన్యాసమ్మ ఎప్పుడూ ఫ్యూజు ముట్టుకోలేదు. కానీ యాభై ఏళ్ళు చూసింది. ముందు వెనక చేత్తో పింగాణీని తాకింది. కాసేపు అలాగే ఉంచింది. రత్నం అటు తిరిగి నిలబడింది.

టిక్‌మని చిన్న చప్పుడు.

ఇల్లు నిశ్శబ్దమైంది. అన్నాళ్ళూ ఒక సన్నటి మోత చెవుల్లో ఉండేదని అది ఆగాక తెలిసింది. సన్యాసమ్మ పింగాణీ ముక్కని కొంగు చివర పెట్టి, రెండు ముళ్ళు వేసి, బొడ్లో దోపుకుంది.

“ఇప్పుడు తలుపులు తియ్యి,” అంది.

రత్నం వీధి తలుపు తీసింది. పెరటి తలుపు తీసింది. కిటికీ తడికలు చుట్టి పైకి కట్టింది. వడగాలి, దుమ్ము, పక్కింటి తాలింపు వాసన కలిసి లోపలికొచ్చాయి. ఇద్దరూ గడపలో కూర్చున్నారు. అయిదింటికి సన్యాసమ్మ తువ్వాలు తీసింది. అయిదున్నరకి స్వెట్టరు విప్పింది. కాసేపటికి పైపెదవి మీద ఏదో పాకుతున్నట్టుంటే వేలితో తుడుచుకుని, ఆ వేలు ముఖం ముందు పెట్టుకుని చూసుకుంది. చెమట.

*

మూడు రోజుల తర్వాత రత్నం నల్ల తీగ కలపడానికి వెళ్ళింది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. సన్యాసమ్మ పల్చటి నేత చీరలో, తాటాకు విసనకర్రతో విసురుకుంటూ ఎండని తిడుతోంది. ఆ తిట్లు వింటుంటే రత్నానికి ప్రాణం లేచొచ్చింది.

“ఫ్యూజు ఇయ్యత్తా. తీగ కలిపేస్తే మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటుంది. ఈసారి నిన్నొక్కదాన్నే.”

సన్యాసమ్మ బొడ్లో ముడి తడుముకుంది. “ఉండనీవే, ఇంకొన్నాళ్ళు.”

రత్నం ఒత్తిడి చెయ్యలేదు. సంచీ పెట్టడానికి అరుగు దగ్గరికి వెళ్ళి ఆగింది. పడమటెండ కిటికీలోంచి తిన్నగా అరుగు మీద పడుతోంది. నేల కాలుతోంది, గోడ కాలుతోంది, కిటికీ ఊచలు ముట్టుకోనివ్వడం లేదు. అరుగు మీద మాత్రం ఒక దుప్పటి పరిచి ఉంది. సన్యాసమ్మ ఏడు నెలలు కప్పుకున్న దుప్పటి.

రత్నం చెయ్యి తిప్పి, దుప్పటి కింద పెట్టింది. రెండు తొడలంత వెడల్పు. గోడ మీద వీపంత ఎత్తు. అంతమేరే, అంచులతో సహా, సిమెంటు మంచులా ఉంది. మూడు రోజుల ఎండ అక్కడ అంటలేదు.

ఆమె వెనక్కి తిరిగింది. సన్యాసమ్మ విసనకర్ర ఆపి చూస్తోంది.

“ఆయన సలికి ఓర్చుకోలేడే,” అంది. “అందుకే ఈపాలి దుప్పటి మొత్తం నానే ఇచ్చీసినాను.”